పెరటి పూల వంశావళి

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంతఋతువు. తెలుగునేల మీద మాత్రం ఆ రెండు నెలల్లో సగమైనా గడవకముందే విసనకర్రలు బయటికి వస్తాయి. మనకు వసంతమంటే గ్రీష్మంలోకి జారిపోయే ఒక వాలు. ఆ వాలులో ఒకటి ఎక్కడ ముగిసి రెండవది ఎక్కడ మొదలయిందో గీత గీసి చూపగలిగినవాడు లేడు. పూలకు ఆ చిక్కేమీ లేదు. నేల ఎండుతున్నకొద్దీ కొన్ని చెట్లు ఆకులు రాల్చి మరీ పూస్తాయి. వాన పుష్కలంగా కురిసే శ్రావణ భాద్రపదాల్లో కంటే, బిందెలతో నీళ్ళు మోయవలసిన వైశాఖంలోనే మన పెరళ్ళు ఎక్కువ రంగులతో కనబడటం, ఆలోచిస్తే, వింతగానే ఉంటుంది.

గోదావరి జిల్లాలోని మా ఇంటి పెరడు పెద్దదేమీ కాదు. ఆరు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన జాగా. అందులో నూతి పక్కన రెండు మల్లెపొదలు, గోడవారగా మందారం, నందివర్ధనం, గన్నేరు, గేటు మీదికి రాధామనోహరం తీగె, మూలన దేవగన్నేరు, ఎవరూ నాటకుండానే మొలిచే చంద్రకాంతలూ బిళ్ళగన్నేర్లూ, వంటింటి వెనుక కరివేపచెట్టు. ఈ ఉగాదికి వచ్చిన మా పెదనాన్నగారు పెరడంతా ఒక ప్రదక్షిణం చేసి, "అన్నీ పరాయి మొక్కలే పెంచుతున్నావేమిటిరా! మన పూలు వేయరాదూ?" అన్నారు. అంటూనే ఆయన పూజకని సజ్జలో నింపుకున్నవి దేవగన్నేరు పూలు, బిళ్ళగన్నేరు పూలు. మొదటిది మెక్సికో వైపు నుంచి వచ్చినది, రెండవది మడగాస్కరు దీవిది. పండుగపూట పెద్దవారికి ఎదురు చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. ఊరుకున్న మాటలు ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి కదా. అందుకే ఈ వ్యాసం.

ముందుగా, మనదనడానికి ఎవరూ సందేహించని పువ్వు మల్లె. ఆ సందేహం నాకూ లేదు. భారతదేశంలోనే, తూర్పు హిమాలయాల వైపు, దీని పుట్టిల్లు ఉందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అయితే దాని శాస్త్రనామంలోని 'సంబక్' అన్న భాగం అరబ్బీ మాట 'జన్‌బక్' నుంచి వచ్చింది. అంటే 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు పేరు పెట్టేనాటికి మల్లె అరబ్బు వర్తకుల చేతులమీదుగా పడమటి దేశాలు చూసివచ్చిందన్నమాట. దాన్నే ఫిలిప్పీన్స్ వారు 1934లో తమ జాతీయపుష్పంగా ప్రకటించుకున్నారు. ఇండొనేషియా వారికీ అది జాతీయపుష్పమే. చైనాలో తేయాకుకు పరిమళం అద్దేది ఈ మొగ్గలతోనే. దొంతరమల్లెలో ఒక రకానికి ఐరోపాలో 'టస్కనీ మహాప్రభువు' అన్న అర్థం వచ్చే పేరుంది. పదిహేడవ శతాబ్ది చివర ఇటలీలో టస్కనీని ఏలిన మూడవ కొసిమో మెదిచీ దానిపై పెంచుకున్న మమకారానికి అది గుర్తు. మన నూతిగట్టు మీది పొదకు ఇంత ప్రపంచజ్ఞానం ఉందని దాన్ని చూస్తే తెలియదు.

మల్లె విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి ఉంది. మనం ఇంట పెంచే ముద్దమల్లె సాధారణంగా గింజ కట్టదు. కొమ్మ విరిచి నాటాలి, లేదా తీగెను వంచి మట్టి కప్పి వేరు పోసేదాకా ఆగి వేరుచేయాలి. అలా వచ్చిన మొక్క తల్లిమొక్కకు బిడ్డ కాదు, తల్లిమొక్కే. మా పొద మా అమ్మగారి పుట్టింటి నుంచి వచ్చింది. అక్కడికి అది మరో ఇంటి నుంచి వచ్చి ఉంటుంది. ఇలా వెనక్కి వెళితే, ఒకే మొక్క చేతులు మారుతూ, గోడలు దాటుతూ, పెళ్ళయిన ఆడపిల్లల వెంట ఊళ్ళు మారుతూ కొన్ని వందల సంవత్సరాలుగా బతుకుతున్నట్టు లెక్క. రాజవంశాలకు శాసనాలున్నాయి. మల్లెకు శాసనం వేయించినవారు లేరు గానీ, దాని వంశం మాత్రం ఎక్కడా తెగలేదు.

పెంచేవారికి తెలిసిన విషయమే అయినా ఒక మాట. మల్లె పూసేది కొత్త చిగురు మీద. అందుకే పుష్య మాఘాల్లో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, మొక్కను ఎండుపుల్లల మోపులా చేస్తారు. ఆ తరువాత పాదు తవ్వి, ఎరువు వేసి, నీరు పెడితే ఫాల్గునం నాటికి చిగురూ, చిగురుతో మొగ్గా వస్తాయి. మొదటిసారి చూసినవారికి ఇది క్రూరంగా తోచవచ్చు. ఆకు దూయకుండా వదిలిన మల్లె పచ్చగా, ఏపుగా పెరిగి, పూలు మాత్రం పొదుపుగా ఇస్తుంది.

మల్లెతో పాటు దండలోకి ఎక్కే వాటిని చూడండి. కనకాంబరం దక్షిణభారతం, సింహళాల పువ్వు. వాసన లేకపోయినా రంగు కోసం చోటు సంపాదించుకుంది. దవనం దక్షిణాది మొక్కే. మరువం మాత్రం మధ్యధరా ప్రాంతపు మొక్కకు పిల్ల. అది ఎంత ప్రాచీనంగా ఇక్కడికి చేరిందంటే, సంస్కృతంలో 'మరువకం' అన్న పేరు దానికి స్థిరపడిపోయింది. ఒక మూర కదంబమాలలో ఇంత భూగోళం ఉంది.

మందారం కథ ఇంకా చిత్రం. ఈ ఎర్రని పెరటిపువ్వుకు పాత తెలుగు పేరు దాసాని. సంస్కృతంలో జపాపుష్పం, నవగ్రహస్తోత్రంలో సూర్యుని రంగును పోల్చినది దీనితోనే. 'మందారం' అన్నది నిజానికి స్వర్గంలోని ఐదు దేవతావృక్షాలలో ఒకదాని పేరు. పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం తక్కినవి. పోతన భాగవతంలో ప్రహ్లాదుడి నోట వినిపించే ప్రసిద్ధమైన పద్యంలో తుమ్మెద మరిగినది ఆ దేవమందారపు తేనెను. మన గోడపక్క మందారానికి తుమ్మెదలతో అంత పని లేదు. దాని దగ్గర రోజూ పొద్దున్నే వేలాడేది తేనెపిట్ట. పొడవైన కేసరదండం, వాసన లేని ఎర్రరంగు, ఇవి పిట్టల కోసం ఏర్పడిన లక్షణాలు. దేవలోకపు పేరు ఎప్పుడో దిగివచ్చి దాసాని మీద వాలింది. తరువాత దాసాని అన్న మాటే నిఘంటువుల్లోకి తప్పుకుంది. ఇలాగే స్వర్గం నుంచి దిగిన ఇంకో పేరు పారిజాతం. శరత్తులో రాత్రి పూసి తెల్లవారేసరికి రాలే ఆ పువ్వుకు పగడమల్లె అన్న చక్కని తెలుగు పేరున్నా, తిమ్మన ప్రబంధం పుణ్యమా అని పారిజాతమే నిలిచింది.

ఇంతకూ దాసాని ఎక్కడిది? లిన్నేయస్ దాన్ని చైనా గులాబి అన్నాడు. అయితే అది చైనాలోనే కాదు, ఏ దేశపు అడవిలోనూ తనంత తానుగా పెరుగుతూ కనబడలేదు. దాని దగ్గరి బంధువులు పసిఫిక్ మహాసముద్రపు దీవుల్లో ఉన్నాయి. ఎవరో దీవివాసులు పెంచి, పడవల మీద తెచ్చి, చేతులు మార్చుకుంటూ చరిత్రకు అందని కాలంలో ఆసియా అంతటా చేర్చి ఉండాలి. అమ్మవారి పూజలో దాసాని లేనిదే జరగని ఇళ్ళున్నాయి. ఆ పువ్వు సముద్రం దాటి వచ్చిందన్న కారణంగా దేవత తిరస్కరించిన దాఖలా లేదు.

మన పూర్వులు పూలవిషయంలో ఎల్లలు చూసినట్టు నాకు కనబడదు. కొండవీటిని 1386 నుంచి 1402 దాకా పాలించిన కుమారగిరిరెడ్డికి 'కర్పూర వసంతరాయ' బిరుదు వచ్చింది ఏటేటా జరిపించిన వసంతోత్సవాల వల్ల. ఆ ఉత్సవానికి కావలసిన పరిమళద్రవ్యాలు సరఫరా చేసిన కుటుంబంవాడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చినది ఆయనకే. కర్పూరం మన చెట్టు నుంచి వచ్చేది కాదు, తూర్పుదీవుల నుంచి ఓడల మీద రావలసినది. అంటే తెలుగురాజు వసంతం జరుపుకోవాలంటే సుమత్రా వైపు నుంచి ఓడ ఒడ్డుకు చేరాలి! 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, అక్కడ గులాబీలు ఎటుచూసినా అమ్ముతున్నారనీ, అన్నం లేకపోయినా ఉండగలరేమో గానీ గులాబీ లేకుండా ఉండలేరనిపించేంతగా జనానికి వాటిమీద మక్కువ ఉందనీ రాశాడు. గులాబీల దేశం నుంచి వచ్చినవాడే ఆశ్చర్యపోయాడంటే ఆ మక్కువను ఊహించుకోవచ్చు. గులాబి అన్న మాటే పారశీకం. ఆ భాషలో 'గులాబ్' అంటే పన్నీరు. ఆ తరువాతి శతాబ్దంలో అదే నగరాన్నేలిన కృష్ణదేవరాయలు తన కావ్యానికి కథాస్థలంగా ఎంచుకున్నది ఒక పూలతోట. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని వృత్తి దేవునికి పూలు పెంచి మాలకట్టడం. చక్రవర్తి రాసిన కావ్యంలో కథానాయిక తోటమాలి కూతురు కావడం నాకు ఎప్పటికీ ఇష్టమైన విషయం.

ఇక మా జిల్లాలోనే జరిగిన అసలు కథకు వస్తాను. మనవారిలో ఎంతమందికి తెలుసో గానీ, భారతదేశపు ఆధునిక వృక్షశాస్త్రానికి తొలి పాఠశాలల్లో ఒకటి సామర్లకోట. 1776లో వైద్యుడుగా మద్రాసు చేరిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు యువకుడిని కుంపిణీవారు 1781 ప్రాంతంలో సామర్లకోట దండుకు పంపారు. అక్కడ ఆయన మిరియం, కాఫీ, నీలిమందు, మల్బరీ వంటి లాభసాటి మొక్కలతో తోట వేశాడు. కుంపిణీకి కావలసింది అదే. ఆయనకు కావలసింది మాత్రం ఇంకా ఎక్కువ. చుట్టుపట్ల కొండల్లో, డొంకల్లో, పెరళ్ళలో కనబడ్డ ప్రతి మొక్కా ఏమిటో తెలుసుకోవాలన్న తపన ఆయనది.

ఆయనకు ఆ దారి చూపినవారిలో ముఖ్యుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్. లిన్నేయస్‌కు స్వయానా శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడుగా వచ్చి, ఆర్కాటు నవాబు దగ్గరా ఆ తరువాత కుంపిణీలోనూ పనిచేస్తూ మొక్కల వెంట తిరిగాడు. 1785 జూన్‌లో, నేటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో, జబ్బుచేసి కన్నుమూశాడు. కడపటి రోజుల్లో వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే. స్వీడన్‌లో చదివిన గురువుగారు కాకినాడ మట్టిలో కలిసిపోయారు. ఆయన పేరు మాత్రం మనం రోజూ నూనెలో వేయిస్తున్నాం. కరివేపాకు శాస్త్రనామంలో రెండవ భాగం 'కోనిగై'. లిన్నేయస్ తన శిష్యుని పేరిట పెట్టినది. వేసవి మొదట్లో కరివేప తెల్లని చిన్నపూల గుత్తులు వేస్తుంది. వంటింటి చెట్టు కాబట్టి దాని పూలను ఎవరూ పూలుగా లెక్కించరు. చైత్రపు సాయంత్రం ఒకసారి దాని పక్కన నిలబడి చూడండి.

1787లో గోదావరి తీరాన్ని ముంచెత్తిన తుఫాను ఉప్పెనలో రాక్స్‌బర్గ్ తన పుస్తకాలూ, అంతవరకు సేకరించిన మొక్కల నమూనాలూ పోగొట్టుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఎండబెట్టిన మొక్కల కంటే బొమ్మలు నయమనుకున్నాడో ఏమో, స్థానిక చిత్రకారులను కుదుర్చుకుని ఒక్కొక్క మొక్కనూ నిలువెత్తుగా, పువ్వును విప్పి, గింజను చీల్చి రంగుల్లో వేయించాడు. వాటిలో ఎంపికచేసిన 300 బొమ్మలను కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా, జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో, లండనులో 1795 నుంచి మూడు సంపుటాలుగా అచ్చువేశారు. చివరిది వెలువడేసరికి రాక్స్‌బర్గ్ లేడు. 1815లో ఎడిన్‌బరోలో చనిపోయాడు. ఆయన 1793లోనే కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళిపోయినా, గ్రంథానికి పునాది మాత్రం సామర్లకోటే.

ఆ గ్రంథంలో మొక్క వర్ణనతో పాటు, చాలాచోట్ల, దాని తెలుగు పేరు ఇంగ్లీషు లిపిలో ఉంటుంది. మోదుగ కూడా బొమ్మతో సహా ఆ పుస్తకంలో ఉంది. దాని ప్రజాతికి ఆయన ఇంగ్లండు మాజీ ప్రధాని, వృక్షశాస్త్రప్రియుడు అయిన బ్యూట్ ప్రభువు పేరు పెట్టాడు. సీమచింతకు తొలి శాస్త్రీయ వర్ణన రాసినవాడూ ఆయనే. చమత్కారమేమిటంటే సీమచింత అసలు మెక్సికో చెట్టు. పుట్టింట శాస్త్రనామం దక్కని చెట్టు, కోరమాండల్ తీరంలో మెట్టినింట దాన్ని పొందింది!

ఆ పేర్లన్నీ రాక్స్‌బర్గ్‌కు ఎవరు చెప్పారు? మన్యపు దారులు తెలిసిన కూలీలు, పసరు వైద్యులు, కట్టెలు కొట్టేవారు, పూలమ్మేవారు చెప్పి ఉండాలి. వారి పేర్లు పుస్తకంలో లేవు. ఆ బొమ్మలు వేసిన చిత్రకారుల పేర్లూ లేవు. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైచిలుకు. ఇప్పటికీ లండను క్యూ తోటలోనూ కలకత్తాలోనూ భద్రంగా ఉన్నాయి. నాకు వాటిని అచ్చులో చూసినప్పుడల్లా ఒకటే ఆలోచన. మోదుగరేకు మీది ఆ ముఖమల్ మెరుపును కుంచెతో పట్టుకున్నవాడు ఏ ఊరివాడో! బ్యూట్ ప్రభువు మోదుగను కొమ్మ మీద ఎన్నడూ చూడలేదు. ఆయన పేరు చెట్టుకు దక్కింది. చూసి బొమ్మ వేసినవాడి పేరు బొమ్మకైనా దక్కలేదు. ఈ లెక్కను ఎవరూ సరిచేయలేరిక.

రాక్స్‌బర్గ్ వేసిన బాటలో పేర్లను పోగుచేసినవారు తరువాత కొందరున్నారు. బ్రౌను దొర 1852 నాటి నిఘంటువులో మొక్కల పేర్ల పక్కన రాక్స్‌బర్గ్‌ను ఉటంకిస్తూ పోతాడు. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఎలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' అనే పుస్తకం అచ్చువేశాడు. సర్కారు జిల్లాల మొక్కలకు తెలుగు పేర్ల పట్టిక అది. ఈ పుస్తకాలు తిరగవేస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. మన జనం కొత్తమొక్కకు పేరు పెట్టేటప్పుడు ఆషామాషీగా పెట్టలేదు.

గన్నేరునే తీసుకోండి. ఇది పాతకాపు. తరువాత పసుపుపచ్చని గంటల్లాంటి పూలతో అమెరికా ఖండపు మొక్క ఒకటి వచ్చింది. దానికి పచ్చగన్నేరు అన్నారు. మెక్సికో వైపు నుంచి వచ్చి గుడి ఆవరణల్లో కుదురుకున్నదానికి దేవగన్నేరు అన్నారు. మడగాస్కరు నుంచి వచ్చి బిళ్ళలాంటి చదునైన పూలు పూసేదానికి బిళ్ళగన్నేరు అన్నారు. నాలుగూ చూపుకు వేరువేరు. ఒకటి పొద, ఒకటి చిన్నచెట్టు, ఒకటి మందపాటి కొమ్మల బోసిచెట్టు, ఒకటి జానెడు మొక్క. అయినా నాలుగింటికీ 'గన్నేరు' అన్న ఇంటిపేరు ఒక్కటే. 1789లో పారిస్‌లో ఆంత్వాన్ లోరాన్ ద జుస్యూ మొక్కలను కుటుంబాలుగా విభజించినప్పుడు ఈ జాతులన్నీ ఒకే కుటుంబంలోకి చేరాయి. మొగ్గలో ఐదు రేకులూ ఒకదాని అంచుపై ఒకటి వాలి మెలివేసుకుని ఉండటం ఆ కుటుంబపు గుర్తు. పచ్చగన్నేరు మొగ్గనూ బిళ్ళగన్నేరు మొగ్గనూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. జుస్యూ గ్రంథం చదవని మన పూలకోత ఆడవాళ్ళకు ఆ మెలిక ఎలాగో తెలిసింది.

ఇలాంటిదే తురాయి. మే నెలలో మండిపోయే ఈ చెట్టును 1820లలో మడగాస్కరు తీరంలో బోయెర్ అనే వృక్షశాస్త్రవేత్త చూశాడు. 1829లో దాని వర్ణన అచ్చయింది. దొరల తలపాగా మీది కుచ్చులాంటి అలంకారం తురాయి. ఆ పేరు దీనికి అతికినట్టు సరిపోయింది. దీనికే సీమ సుంకేశుల అన్న పాతపేరూ ఉంది. సుంకేశుల మన మెట్టభూముల చెట్టు. తెల్లగా పూసి పసుపుపచ్చగా వాడుతుంది. ఆ రెండూ ఒకే ప్రజాతికి చెందినవని శాస్త్రం చెప్పింది. 'సీమ' అని ముందు చేర్చి మనవారూ చెప్పారు. తురాయి మొగ్గలు విప్పి కేసరాలతో కోడిపందాలు ఆడని బాల్యం మా ఊళ్ళో లేదు.

బిళ్ళగన్నేరు మరో మాట కూడా చెప్పించుకుంటుంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు, జమైకా నుంచి వచ్చిన ఈ ఆకులు మధుమేహానికి పనికివస్తాయేమోనని పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గానీ, ఎలుకల నెత్తుటిలో తెల్లకణాలు తగ్గాయి. 1958లో వారు వెల్లడించిన విన్‌బ్లాస్టిన్, దాని వెంటే వచ్చిన విన్‌క్రిస్టిన్, క్యాన్సరు చికిత్సలో ప్రధానమైన మందులయ్యాయి. పిల్లల రక్తక్యాన్సరులో విన్‌క్రిస్టిన్ నేటికీ వాడుతున్నారు. పిలవకుండా వచ్చి గచ్చు పగులులో మొలిచే మొక్క అది.

కాగితంపూల తీగె కథలో ఒక సాహసం ఉంది. ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ భూప్రదక్షిణానికి బయలుదేరిన నౌకల్లోని వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సన్ 1767లో బ్రెజిల్ తీరాన ఈ తీగెను సేకరించాడు. ఆయన వెంట సహాయకుడుగా మగవేషంలో ఉన్నది జాన్ బారే అనే స్త్రీ. మరుసటి ఏడు ఆమె గుట్టు బయటపడింది. భూమి చుట్టి వచ్చిన తొలి మహిళగా ఇప్పుడు చరిత్ర ఆమెను గుర్తిస్తోంది. తీగె మాత్రం నౌకాధిపతి పేరు మోస్తోంది. మనవారు ఎవరి పేరూ పెట్టక చక్కగా కాగితంపూలన్నారు. నిజానికి ఆ రంగురేకులు పూలు కావు, రంగు తేలిన ఆకులు. అసలు పూలు వాటి నడుమ తెల్లగా, ఆవగింజంత ముఖంతో ఉంటాయి. నీళ్ళు ఎక్కువ పోస్తే ఈ తీగె ఆకులు వేస్తుంది; ఎండగడితే పూస్తుంది. వేసవి దానికి పండుగ అందుకే.

సంపెంగ పేరును కూడా మనవారు ఉదారంగా పంచారు. సింహాచలం సంపెంగల ప్రసిద్ధి చెప్పనక్కరలేదు. మెక్సికో నుంచి వచ్చిన లిల్లీకి నేలసంపెంగ అన్నారు. ఆకుల మధ్య ఆకుపచ్చగా దాగి వాసనతోనే పట్టిచ్చే మనోరంజితానికి ఆకుసంపెంగ అన్నారు. లావోస్ వారయితే దేవగన్నేరునే చంపా అని పిలుచుకుంటూ జాతీయపుష్పంగా చేసుకున్నారు. అన్నట్టు దేవగన్నేరు ఒక మోసకారి. ఇంత సువాసన వెదజల్లే ఆ పువ్వులో తేనె చుక్క ఉండదు. రాత్రి వచ్చే పెద్దరెక్కల చిమ్మటలు తేనె ఉందనుకుని పువ్వు పువ్వూ వెతికి, పుప్పొడి మోసి, వట్టి చేతులతో పోతాయి.

ఇప్పటిదాకా వచ్చినవాటిని గురించే చెప్పాను. వెళ్ళినవీ ఉన్నాయి. కావ్యాల్లో వసంతం వచ్చిందంటే మాధవీలత పూయక తప్పదు. మాధవి అంటేనే వసంతానిది అని అర్థం. అచ్చంగా ఈ దేశపు తీగె. తెల్లని ముడతల రేకులు, ఒక రేకున పసుపుమరక, మూడు రెక్కల కాయ. దీన్ని ఎవరో ముచ్చటపడి హిందూమహాసముద్రపు దీవులకు తీసుకువెళ్ళారు. మారిషస్, రీయూనియన్ దీవుల అడవుల్లో అది స్థానికపు చెట్లను కమ్ముకుని చంపుతోంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 వలసజాతుల పట్టికలో మన మాధవీలత పేరుంది. మడగాస్కరు పక్కన దీవులవి! అక్కడి నుంచి మనకు తురాయీ బిళ్ళగన్నేరూ వచ్చాయి. ఇక్కడి నుంచి వారికి వెళ్ళిన కానుక ఇది. రీయూనియన్ అడవిని కాపాడే మనిషికి కాళిదాసు ఉపమానాలు చెప్పబోతే ఏమంటాడో ఊహించుకోండి.

మాధవి మన పెరళ్ళలో అరుదైపోయింది. ఆ స్థానంలో పందిళ్ళెక్కినది రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబిరంగుకు తిరిగి, ఆ మీద ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు. తెలుపు రాత్రి చిమ్మటల కోసం, ఎరుపు పగటి తేనెటీగల కోసం. ఒక్క పువ్వు రెండు షిఫ్టుల్లో పనిచేస్తుందన్నమాట. పదిహేడవ శతాబ్దిలో అంబోన్ దీవిలో ఉన్న రంఫియస్ దీని మలయా పేరు 'ఉదాని'ని విని, తన డచ్చి చెవికి 'ఎలాంటిది?' అన్న మాటలా తోచి, దాన్ని లాటిన్‌లోకి 'క్విస్‌క్వాలిస్' అని మార్చాడు. 'ఎవరు? ఎలాంటివారు?' అని దాని అర్థం. రెండువందల ఏళ్ళకు పైగా శాస్త్రజ్ఞులు దాన్ని ఆ ప్రశ్నతోనే పిలిచారు. మన ఆడవాళ్ళు దానికి రాధను తీసుకువచ్చారు. ఈ రెండు పేర్లలో ఏది మేలైనదో నేను చెప్పనక్కరలేదు.

నాకు దిగులు కలిగించేది పరాయి మొక్కలు కాదు, పోతున్న పేర్లు. కడియం నర్సరీల్లో తిరుగుతుంటే ఇప్పుడు మొక్కలన్నీ చీటీలతో ఉంటాయి. నూరువరహాలు కావాలంటే అక్కడి కుర్రవాడు ఒక్క క్షణం తెల్లబోయి, "ఇక్సోరానా సార్?" అన్నాడు. (కొన్ని ఊళ్ళలో నూరువరహాలంటే దేవగన్నేరు అని కూడా విన్నాను, ఆ తగువు ఇప్పుడు వద్దు.) ఇక్సోరా మన తీరపుదే. పసిడి వరహాలు గుత్తిగా పోసినట్టుండే ఆ పువ్వుకు పెట్టిన పేరులో ఒక రాజ్యపు నాణెం ఉంది. నాణెం చెల్లుబాటు పోయిన చాలాకాలానికి పేరూ పోతోంది. చంద్రకాంతను 'ఫోర్ ఓ క్లాక్' అంటున్నారు. సాయంత్రం నాలుగింటికి మా పెరట్లో అది ఇంకా కళ్ళు నులుముకుంటూనే ఉంటుంది, విచ్చుకునేసరికి దీపాలవేళ.

మే నెల వస్తే మా ఇంట ఒక పువ్వు కోసం అందరం ఎదురుచూస్తాం. ఏడాదంతా నేలలో దుంపగా పడుకుని, తొలకరికి ముందటి గాలివానకు ఒక్క కాడ వేసి, దాని కొసన వందల సన్నని ఎర్రపూలతో గుండ్రని బంతిలా విచ్చుకుంటుంది. వారం పది రోజులుండి వాడిపోతుంది. ఆఫ్రికా ఖండపు మొక్క. మా వైపు దీన్ని మే పువ్వంటారు, ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. రెండూ అరువు పేర్లే. తెలుగు పేరేదీ ఇంకా దీనికి కుదిరినట్టు లేదు. మూడేళ్ళ క్రితం పక్కింటి పిన్నిగారు ఇచ్చిన ఒక దుంప ఇప్పుడు నాలుగయింది. రెండింటిని వీధి చివరి వారికి ఇచ్చాం. మా అన్నయ్యగారి మనవరాలు దాన్ని కుంకుమబంతి అంటోంది. ఇంట్లో మేమూ అలాగే అంటున్నాం. దుంప పుచ్చుకున్నవారు కూడా మొన్న "కుంకుమబంతి కాడ వేసిందండీ" అని కబురు చేశారు.